రోడ్డు కింద మట్టికి బలమెంత? సీబీఆర్ నుంచి ప్లేట్ లోడ్ దాకా అంచెలంచెలుగా

మే నెలలో పల్నాడు వైపు వెళ్తే నల్లరేగడి చేలల్లో నెర్రెల్లోకి చెయ్యి దూరుతుంది. పెళ్ల మీద గునపం వేస్తే ఖంగుమంటుంది. అదే చేలో ఆగస్టులో అడుగు పెడితే చెప్పు బురదలో ఉండిపోతుంది, కాలు ఒక్కటే పైకి వస్తుంది. మట్టి అదే. మారింది నీరు.

అందుకే ఎవరైనా "ఈ మట్టి సీబీఆర్ ఎంత?" అని, అంటే రోడ్డు కింద మట్టి గట్టిదనం చెప్పే ఆ శాతం ఎంతని అడిగితే, నేను ముందు రెండు సంగతులు అడుగుతాను. ఎంత తడి మీద? ఎంత గట్టిగా కుదించాక? ఈ రెండూ రాయని సీబీఆర్ అంకెకు విలువ లేదు. రోడ్డు కిందకి వెళ్లాక మట్టి ఏ స్థితిలో ఉంటుందో, పరీక్షకు మట్టి నింపే ఇనప డబ్బా మౌల్డ్‌లో కూడా అదే స్థితిలో ఉండాలి. కింద చెప్పబోయే ప్రతి పనీ దాని కోసమే.

సైట్ ల్యాబ్‌లో కొత్తగా చేరిన టెక్నీషియన్లు, డిప్లొమా, బీటెక్ చదివేవాళ్లు, పల్లె రోడ్ల పనులు చూసే ఏఈలు (అసిస్టెంట్ ఇంజినీర్లు), అందరికీ పనికొచ్చేలా రాస్తున్నాను.

బలం వేరు, బిగువు వేరు

మట్టి విరిగిపోయే ముందు ఎంత బరువు ఓర్చుకుంటుందన్నది బలం. బరువు పడ్డప్పుడు ఎంత కుంగుతుంది, బరువు తీశాక ఎంత లేస్తుందన్నది బిగువు. ఇంగ్లిష్‌లో స్టిఫ్‌నెస్ అంటాం. లారీ చక్రం వెళ్లిన ప్రతిసారీ కింద మట్టి కొద్దిగా కుంగి మళ్లీ లేస్తుంది. ఆ కుంగడం ఎక్కువైతే పైనున్న తారు పొర లక్షల సార్లు వంగి వంగి అలసిపోయి, అడుగు నుంచి పగులుతుంది. మట్టి ఎక్కడా విరగకపోయినా రోడ్డు పాడవుతుందన్నమాట. తారు రోడ్ల డిజైన్‌కు ఐఆర్‌సీ:37 (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం) బిగువునే అడగడానికి కారణం ఇదే. దాన్ని రెసిలియంట్ మాడ్యులస్ అంటారు.

ఆ మాడ్యులస్‌ను నేరుగా కొలిచే యంత్రం ఖరీదైనది, అన్నిచోట్లా ఉండదు. కాబట్టి సీబీఆర్ చేసి, దాన్నుంచి మాడ్యులస్ లెక్కగడతాం. సీబీఆర్ అంటే కాలిఫోర్నియా బేరింగ్ రేషియో. 1920ల చివర్లో కాలిఫోర్నియా హైవే శాఖలో ఓ. జె. పోర్టర్ దీన్ని రూపొందించారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం ఇంజినీర్లు రన్‌వేల కోసం తీసుకున్నాక ప్రపంచమంతా పాకింది. నలగ్గొట్టిన మంచి కంకరలోకి 50 మి.మీ. వ్యాసం ఉన్న ఇనప కడ్డీ దిగడానికి ఎంత బరువు కావాలో, మన మట్టిలోకి అంతే దిగడానికి అందులో ఎన్నో వంతు కావాలో చెప్పే శాతం అది. అసలు బలమూ కాదు, అసలు బిగువూ కాదు. రెండింటికీ దగ్గరి సూచిక.

మొదటి అడుగు: శాంపిల్

ల్యాబ్‌లో ఎంత జాగ్రత్తగా చేసినా, సంచిలో తప్పు మట్టి వస్తే అంతా వృథా. పైన గడ్డి, వేళ్లు ఉన్న మట్టిని పక్కకు లాగేయండి. తవ్వి తెచ్చే మట్టయితే క్వారీ గోతి గోడను పైనుంచి కిందదాకా చూడండి. మన దగ్గర చాలాచోట్ల పైన ఒక మీటరు మంచి మొరం కనిపిస్తుంది, దాని కింద సుద్దలాంటి మెత్తని మట్టి ఉంటుంది. జేసీబీ ఆ రెండూ కలిపి టిప్పర్‌లో పోస్తుంది. శాంపిల్‌కు మాత్రం పైనున్న మొరం ఒక్కటే తీసుకుంటే రోడ్డు మీద పడే మట్టి వేరు, మీరు పరీక్షించిన మట్టి వేరు. గోడ మొత్తం మీద నిలువుగా చారలా గీకి తీయండి.

ఒక్కో చోటికి 50 కిలోల దాకా తెచ్చుకుంటే అన్ని పరీక్షలకూ సరిపోతుంది, తేడా వస్తే మళ్లీ చేయడానికీ మిగులుతుంది. సంచిలో ఒక చీటీ, బయట ఒక చీటీ. సహజ తేమ కోసం పిడికెడు మట్టిని పాలిథిన్ కవర్‌లో గాలి చొరకుండా విడిగా కట్టండి.

రెండో అడుగు: ఇది ఏ మట్టి?

జల్లెడ పరీక్ష, లిక్విడ్ లిమిట్ (మట్టి జావలా మారే తేమ), ప్లాస్టిక్ లిమిట్ (మట్టి ముద్దగా మలచడానికి వీలయ్యే తేమ) ముందుగా చేయాలి. ఇవి అందరికీ తెలిసినవే, వాటి మీద ఆగను. నల్లమట్టి అనుమానం ఉన్నచోట మాత్రం ఫ్రీ స్వెల్ తప్పనిసరి. 425 మైక్రాన్ జల్లెడలో పడిన ఎండు మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు 100 మి.లీ. గాజు జార్లలో పోయండి. ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్, రెండోదాంట్లో కిరోసిన్. గాలి బుడగలు పోయేలా కలిపి 24 గంటలు వదిలేయండి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. కిరోసిన్ జార్‌లో 10 మి.లీ. దగ్గర, నీళ్ల జార్‌లో 18 మి.లీ. దగ్గర నిలిచిందనుకోండి. తేడా 8, దాన్ని 10తో భాగిస్తే 80 శాతం. కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్ల ప్రకారం 50 శాతం దాటితే ఆ మట్టిని అలాగే వాడకూడదు. ఖర్చు లేని ఈ పరీక్ష ముందే చేస్తే వారం రోజుల సీబీఆర్ శ్రమ మిగులుతుంది.

మూడో అడుగు: ప్రాక్టర్

ఎంత నీళ్లు పోసి కొడితే మట్టి బాగా గట్టిపడుతుందో చెప్పే పరీక్ష ఇది. మరీ పొడిగా ఉంటే రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని జరగవు. మరీ తడిగా ఉంటే నీరే చోటు ఆక్రమిస్తుంది. మధ్యలో ఒక తేమ దగ్గర పొడి సాంద్రత గరిష్ఠం. ఆ తేమ ఓఎంసీ, ఆ సాంద్రత ఎండీడీ.

రోడ్డు పనులకు హెవీ కంపాక్షన్, అంటే ఐఎస్ 2720 ఎనిమిదో భాగం. 4.9 కిలోల ర్యామర్ (మట్టిని కొట్టే బరువు), 450 మి.మీ. ఎత్తు, 5 పొరలు. 1000 సీసీ మౌల్డ్‌లో పొరకు 25 దెబ్బలు. కనీసం 5 తేమల దగ్గర చేయండి, రెండు పాయింట్లు శిఖరానికి అటు, రెండు ఇటు పడేలా చూడండి. రేగడి లాంటి బంకమట్టికి నీళ్లు కలిపి వెంటనే కొట్టొద్దు. కవర్‌లో కట్టి రాత్రంతా ఉంచితేనే పెళ్ల లోపలికి తేమ చేరుతుంది. సబ్‌గ్రేడ్‌కు, అంటే రోడ్డు పొరల కింద కుదించే మట్టి పొరకు, వాడే మట్టి గరిష్ఠ పొడి సాంద్రత ఘనమీటరుకు 17.5 కిలోన్యూటన్ల కన్నా తగ్గకూడదు. అంటే సుమారు 1.78 గ్రా/సీసీ.

నాలుగో అడుగు: సీబీఆర్ మౌల్డ్ తయారీ

ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. అందుకే కొంచెం నెమ్మదిగా వెళ్దాం.

మౌల్డ్ లోపలి వ్యాసం 150 మి.మీ., ఎత్తు 175. అడుగున 47.7 మి.మీ. మందం ఉన్న స్పేసర్ డిస్క్ పెడతాం కాబట్టి మట్టికి మిగిలే ఎత్తు 127.3 మి.మీ., ఘనపరిమాణం 2250 సీసీ. మట్టి 19 మి.మీ. జల్లెడలో పడాలి. పైన నిలిచిన రాళ్లను ఊరికే పారేయకూడదు. అదే బరువుకు 19 జల్లెడలో పడి 4.75 మీద నిలిచిన రాళ్లను కలపాలి.

ఇప్పుడు నీళ్ల లెక్క. ఓఎంసీ 11.5 శాతం వచ్చిందనుకుందాం. ట్రేలో గాలికి ఆరిన మట్టి 5000 గ్రాములు. చాలామంది 5000లో 11.5 శాతం, అంటే 575 మి.లీ. కొలిచి పోసేస్తారు. అది తప్పు. గాలికి ఆరిన మట్టిలో ఎంతో కొంత తేమ ముందే ఉంటుంది. అది 3 శాతం అనుకుంటే పూర్తి పొడి మట్టి 5000ను 1.03తో భాగిస్తే 4854 గ్రాములు. ఇంకా కావలసింది 8.5 శాతం, అంటే 413 మి.లీ. మాత్రమే. 575 పోస్తే తేమ 15 శాతానికి దగ్గరగా పోతుంది. ఆ తడి మీద మట్టి ర్యామర్ కింద జావలా కదులుతుంది, అనుకున్న సాంద్రత రాదు. ఆ తర్వాత సీబీఆర్ తక్కువ వచ్చిందని క్వారీని తప్పుపడతారు.

తర్వాత సాంద్రత లెక్క. రోడ్డు మీద సబ్‌గ్రేడ్‌ను హెవీ కంపాక్షన్ ఎండీడీలో కనీసం 97 శాతానికి కుదించాలి. మౌల్డ్‌లోనూ అంతే ఉండాలి, 100 శాతం కాదు. ఎండీడీ 1.92 గ్రా/సీసీ అయితే 97 శాతం 1.862. తేమతో కలిపి 1.862ను 1.115తో గుణిస్తే 2.077. దాన్ని 2250తో గుణిస్తే 4672 గ్రాములు. సరిగ్గా ఇంత తడిమట్టి తూచి, మౌల్డ్‌లో పోసి, స్పేసర్ డిస్క్‌ను ఈ పద్ధతిలో అడుగున కాకుండా పైన పెట్టి కంప్రెషన్ మెషీన్‌లో డిస్క్ మౌల్డ్ అంచుకు సమానంగా వచ్చేదాకా నొక్కండి. దీన్ని స్టాటిక్ పద్ధతి అంటారు. అనుకున్న సాంద్రత కచ్చితంగా వస్తుంది కాబట్టి నాకు ఇదే ఇష్టం.

మెషీన్ లేకపోతే ర్యామర్‌తో కొట్టవచ్చు. అప్పుడు మూడు రకాల దెబ్బలతో, ఉదాహరణకు పొరకు 10, 30, 55 చొప్పున, మౌల్డ్‌లు కట్టి అన్నిటికీ సీబీఆర్ చేసి, సాంద్రతకూ సీబీఆర్‌కూ మధ్య గ్రాఫ్ గీయాలి. 97 శాతం దగ్గర ఎంత ఉందో ఆ గీత మీద చదవాలి. పూర్తి దెబ్బలతో ఒక్క మౌల్డ్ కట్టి వచ్చిన అంకెను రాసేస్తే, రోలర్ సాధించని సాంద్రతకు మీరు హామీ ఇచ్చినట్టే.

కొట్టేటప్పుడు పొరకూ పొరకూ మధ్య పైభాగాన్ని కత్తితో గీకండి, లేకపోతే పొరలు అతుక్కోవు. ర్యామర్‌ను మధ్యలోనే కాకుండా అంచుల వెంట తిప్పుతూ వేయండి. ఒక శాంపిల్‌కు మూడు మౌల్డ్‌లు. ప్రతిదాని నుంచీ కట్టేటప్పుడే తేమ చూడటానికి చిన్న డబ్బాలో మట్టి తీయండి.

ఐదో అడుగు: నాలుగు రోజుల నానబెట్టడం

స్పేసర్ డిస్క్ తీసి, మౌల్డ్ తిరగేసి, చిల్లులున్న బేస్ ప్లేట్ మీద ఫిల్టర్ పేపర్ వేసి బిగించండి. పైన మరో ఫిల్టర్ పేపర్, దానిమీద కాడ ఉన్న చిల్లుల ప్లేటు, ఆపైన 2.5 కిలోల రింగు బరువులు కనీసం రెండు. ఆ బరువులు రోడ్డు పొరల భారానికి బదులు. ట్రైపాడ్ మీద డయల్ గేజ్ పెట్టి మొదటి రీడింగ్ రాసి, తొట్టిలో 96 గంటలు ముంచి ఉంచాలి. నీళ్లు పైనుంచీ, కిందినుంచీ రెండువైపులా అందాలి. మౌల్డ్‌ను తొట్టి అడుగుకు ఆనించి పెడితే కింద చిల్లులు మూసుకుపోతాయి. రెండు సన్నటి చువ్వల మీద నిలబెట్టండి.

ఈ 96 గంటల దగ్గరే అందరికీ టెన్షన్. నేను కొత్తగా పనిలో చేరిన రోజుల్లో ఒకచోట రిపోర్టు తొందరగా కావాలని ఒత్తిడి వచ్చింది. ఒక రోజు నానబెట్టిన మౌల్డ్‌తో ఇచ్చేశాం. 8 శాతం వచ్చింది. ఆ పక్కనే పెట్టిన రెండో మౌల్డ్‌ను అలాగే ఉంచి నాలుగో రోజు చేశాను. 3.5 వచ్చింది. కారణం తెలుసుకుందామని అదే మట్టితో ఇంకో మౌల్డ్ కట్టి, ఒక రోజు నానబెట్టి, మట్టిని బయటికి తోయించి కత్తితో నిలువునా కోశాను. పైన అంగుళం మందం, కింద అంగుళం మందం నల్లగా తడిసింది. నడిమి భాగం ఇంకా లేత రంగులో, గోరుతో గీస్తే పొడి రాలేలా ఉంది. మౌల్డ్ గోడలు ఇనుము కాబట్టి పక్కల నుంచి నీరు రాదు. బంకమట్టిలో నడుమ దాకా పాకాలంటే రోజులు పడుతుంది. రిపోర్టు మార్చి పంపాం. ఆ తర్వాత ఎవరు తొందరపెట్టినా 96 గంటలకు ఒక్క గంట తగ్గించలేదు.

అనంతపురం లాంటి వాన తక్కువ జిల్లాల్లో ఇంత నానబెట్టాలా అని అడుగుతారు. డిజైన్ చేసేవాళ్లు కారణం రాసి వేరే తేమ చెబితే సరే, లేకపోతే నాలుగు రోజులే. కరవు జిల్లాలోనూ కాలువ పక్కన, చెరువు కట్ట కింద రోడ్డు మట్టి ఏడాదంతా తడిగా ఉండేచోట్లు ఎన్నో చూశాను.

నాలుగో రోజు గేజ్ మళ్లీ చదవండి. 127.3 మి.మీ. మట్టి 5.1 మి.మీ. లేచిందంటే ఉబ్బు 4 శాతం. ఈ అంకెను సీబీఆర్ పక్కనే రాయండి. అంతగా ఉబ్బే మట్టి సీబీఆర్ ఎంత ఉన్నా రోడ్డును ఎగుడుదిగుడు చేస్తుంది.

ఆరో అడుగు: ప్లంజర్ దింపడం

మౌల్డ్‌ను నీళ్లలోంచి తీసి 15 నిమిషాలు నీరు ఓడనివ్వండి. మట్టి ముఖాన్ని ముట్టుకోవద్దు, గుడ్డతో అద్దవద్దు. చిల్లుల ప్లేటు, పై పేపర్ తీసి, రింగు బరువు ఒకటి పెట్టి, ప్లంజర్ (ముందు చెప్పిన 50 మి.మీ. ఇనప కడ్డీ) దాని రంధ్రంలో అంచులకు తగలకుండా దిగేలా సరిచూసి, ఆనించి, తర్వాత మిగిలిన బరువులు పెట్టండి. ప్లంజర్ ఆనడానికి 4 కిలోల బరువు చాలు. అక్కడ బరువు కొలిచే ప్రూవింగ్ రింగ్ గేజ్‌నూ, దిగుడు గేజ్‌నూ సున్నా చేయండి.

వేగం నిమిషానికి 1.25 మి.మీ. మోటార్ మెషీన్ అయితే చింత లేదు. చేత్తో తిప్పే మెషీన్ అయితే ఒకరు స్టాప్‌వాచ్ చూస్తూ చెప్పాలి, ఒకరు హ్యాండిల్ తిప్పాలి, ఇంకొకరు రాయాలి. 2.5 మి.మీ. సరిగ్గా రెండో నిమిషానికి, 5 మి.మీ. నాలుగో నిమిషానికి రావాలి. తిప్పే మనిషి "అన్నా, ఇక తిరగట్లేదు" అని ఒక్క ఊపు ఊపితే రీడింగ్ ఎగబాకుతుంది, ఆ మౌల్డ్ పోయినట్టే. దిగుడు 0.5, 1, 1.5, 2, 2.5, 4, 5, 7.5, 10, 12.5 మి.మీ. దగ్గర రింగ్ రీడింగ్‌లు రాయండి. అయిపోయాక ప్లంజర్ గుంట దగ్గర పై 30 మి.మీ. లోంచి మట్టి తీసి తేమ చూడండి. నానిందా లేదా చెప్పే సాక్షి అదే.

ఏడో అడుగు: లెక్క

గ్రాఫ్ గీయకుండా లెక్క వేయొద్దు. దిగుడు అడ్డంగా, బరువు నిలువుగా. గీత మొదట్లోనే పైకి లేచి తర్వాత మెల్లగా వంగితే మంచిది. మొదట్లో గిన్నెలా లోపలికి వంగి ఉంటే ప్లంజర్ సరిగ్గా ఆనలేదని, లేదా పైముఖం మెత్తబడిందని అర్థం. అప్పుడు గీత బాగా నిటారుగా ఉన్నచోట ఒక సరళరేఖ గీసి కిందికి పొడిగించండి. అది అడ్డగీతను ఎక్కడ తాకితే అదే కొత్త సున్నా. అది 0.6 మి.మీ. దగ్గర తాకిందనుకోండి, 2.5కు బదులు 3.1 దగ్గర, 5కు బదులు 5.6 దగ్గర బరువు చదవాలి.

ప్రామాణిక బరువులు 2.5 మి.మీ.కు 1370 కిలోలు, 5 మి.మీ.కు 2055 కిలోలు. రింగ్ ఒక్కో డివిజన్‌కు 3 కిలోలు అనుకుందాం. సరిచేశాక 2.5 దగ్గర 34 డివిజన్లు, అంటే 102 కిలోలు. 1370తో భాగిస్తే 7.4 శాతం. 5 దగ్గర 46 డివిజన్లు, 138 కిలోలు, 6.7 శాతం. మామూలుగా 2.5 దగ్గరిదే ఎక్కువ ఉంటుంది, అదే తీసుకోవాలి. 5 దగ్గరిది ఎక్కువ వస్తే పరీక్ష మళ్లీ చేయాలి. మళ్లీ అలాగే వస్తే 5 దగ్గరి విలువే ఖాయం.

మూడు మౌల్డ్‌లు 7.4, 6.6, 7.9 ఇస్తే సగటు 7.3. వాటి మధ్య తేడాకు ఐఆర్‌సీ హద్దులు పెట్టింది. సీబీఆర్ 5 లోపు ఉంటే 1 అటూఇటూ, 5 నుంచి 10కి 2, 11 నుంచి 30కి 3, ఆపైన 5. హద్దు దాటితే నచ్చని అంకెను కొట్టేయడం కాదు, ఆరు మౌల్డ్‌ల సగటు తీసుకోవాలి.

ప్రూవింగ్ రింగ్ క్యాలిబ్రేషన్ కాగితం తేదీ చూసుకోండి. 2, 3 శాతం వచ్చే మెత్తని మట్టికి 50 కిలోన్యూటన్ల రింగ్ పెడితే ముల్లు కొద్ది గీతలే కదులుతుంది. చిన్న రింగ్ వాడండి.

ఎనిమిదో అడుగు: డిజైన్‌కు ఏ అంకె?

ఒక రోడ్డు మీద పదిచోట్ల శాంపిల్స్ తీస్తే 3.8, 4.5, 5.2, 5.6, 6.0, 6.3, 6.8, 7.1, 7.5, 8.2 వచ్చాయనుకుందాం. సగటు 6.1. సగటుతో డిజైన్ చేస్తే సగం రోడ్డు బలహీనమే. అందుకని శాతాల పద్ధతి. పది విలువల్లో 4.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నవి తొమ్మిది, అంటే 90 శాతం. 5.2, ఆపైన ఎనిమిది, అంటే 80 శాతం. ట్రాఫిక్ ఎక్కువుండే పెద్ద రోడ్లకు 90 శాతం విలువ 4.5, చిన్న రోడ్లకు 80 శాతం విలువ 5.2. అయితే ఇది ఒకే రకం మట్టి ఉన్న ముక్కకే. ఎర్రమట్టి కిలోమీటర్లనూ రేగడి కిలోమీటర్లనూ ఒకే వరుసలో కలిపి లెక్కేస్తే రెండిటికీ అన్యాయమే.

ఇక బిగువు. ఐఆర్‌సీ:37 ప్రకారం సీబీఆర్ 5 వరకు మాడ్యులస్ దానికి 10 రెట్లు, మెగాపాస్కల్స్‌లో. 5 దాటితే సీబీఆర్‌ను 0.64 ఘాతానికి ఎత్తి 17.6తో గుణించాలి. 3 శాతానికి 30. మన 7.3కు సుమారు 63. 5 దాటాక సీబీఆర్ రెట్టింపైనంత మాత్రాన బిగువు రెట్టింపు కాదని ఈ సూత్రం చెబుతోంది. రోజుకు 450కి పైగా వాణిజ్య వాహనాలు తిరిగే రోడ్డుకు సబ్‌గ్రేడ్ సీబీఆర్ కనీసం 5 ఉండాలి. 500 మి.మీ. మంచి మట్టి కింద మెత్తని నేల ఉంటే పై మట్టి అంకెను అలాగే వాడకూడదు. రెండు పొరలూ కలిసి ఎంత కుంగుతాయో లెక్కగట్టి, ఎఫెక్టివ్ సీబీఆర్ తీసుకోవాలి.

సైట్‌లో: డీసీపీ

ల్యాబ్ శాంపిల్ సంచిలో పట్టినంత మట్టి గురించే చెబుతుంది. రోడ్డంతా ఎక్కడ మెత్తగా ఉందో తెలియాలంటే డైనమిక్ కోన్ పెనెట్రోమీటర్ కావాలి. ఇద్దరు మనుషులు చాలు. 8 కిలోల సుత్తి 575 మి.మీ. ఎత్తు నుంచి పడుతుంది, చివర 60 డిగ్రీల కోన్, వ్యాసం 20 మి.మీ. కడ్డీ నిటారుగా ఉండాలి. సుత్తిని పైదాకా ఎత్తి వదిలేయాలి, కిందికి తోయకూడదు. దెబ్బకు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందన్నదే కొలత. 292ను ఆ కొలత 1.12 ఘాతంతో భాగిస్తే సీబీఆర్ అంచనా వస్తుంది, ఫోన్ క్యాలిక్యులేటర్‌లో అయిపోతుంది.

ఒక ఉదాహరణ. మొదటి 300 మి.మీ. దిగడానికి 20 దెబ్బలు, దెబ్బకు 15 మి.మీ. సీబీఆర్ 14. తర్వాతి 300కు 6 దెబ్బలే, దెబ్బకు 50 మి.మీ. సీబీఆర్ 3.7. పైన పాత గ్రావెల్ రోడ్డు, కింద రేగడి. దెబ్బలు, దిగుడు గ్రాఫ్‌లో గీత వంపు మారినచోటే పొర మారినట్టు. మొత్తం 600 మి.మీ.కి సగటు తీస్తే ఈ కథ కనిపించదు.

రాయి తగిలితే కోన్ ఆగిపోతుంది. అది బలమైన మట్టి కాదు, పక్కకు జరిగి మళ్లీ కొట్టండి. అరిగిన కోన్ మార్చండి. ముఖ్యంగా, డీసీపీ ఆ రోజు తేమకే సమాధానం చెబుతుంది. మే నెలలో కొట్టి వచ్చిన అంకెను నానబెట్టిన సీబీఆర్ పక్కన పెట్టి పోల్చకండి. కొట్టినచోట తేమ కూడా తీసి రాయండి.

రోలర్ తిరిగాక శాండ్ రీప్లేస్‌మెంట్‌తో, అంటే గుంత తవ్వి అందులో పట్టే ఇసుకతో ఘనపరిమాణం కొలిచే పద్ధతితో, సాంద్రత చూడటం మానొద్దు. ఇసుక బాటిల్ కింద గుంత తవ్వేటప్పుడు మట్టి ఒక్క చెంచా కూడా బయట పోకూడదు. దగ్గరలో రోలర్ వైబ్రేషన్‌లో ఉంటే ఇసుక కుదించుకుపోయి లెక్క తప్పుతుంది, ఆ పది నిమిషాలు దాన్ని ఆపించండి.

సిమెంటు రోడ్డయితే: ప్లేట్ లోడ్

సిమెంటు రోడ్ల డిజైన్‌కు, అంటే ఐఆర్‌సీ:58కి, కావలసింది కె విలువ, అంటే ప్లేటు మీది ఒత్తిడిని కుంగుడుతో భాగిస్తే వచ్చే అంకె. 750 మి.మీ. వ్యాసం ఉన్న ఇనప ప్లేటును చదును చేసిన సబ్‌గ్రేడ్ మీద, సన్నటి ఇసుక పరిచి ఆనించాలి. పైన లోడు లారీ, దాని కింద జాక్. ప్లేటు అంచుల మీద డయల్ గేజ్‌లు. గేజ్‌లను పట్టుకున్న దూలం కాళ్లు ప్లేటుకూ, లారీ చక్రాలకూ దూరంగా ఉండాలి. లేకపోతే దూలం కూడా కుంగుతుంది, గేజ్ అసలు కుంగుడును తక్కువ చూపిస్తుంది. చిన్న బరువుతో ఆనించి, సున్నా చేసి, అంచెలంచెలుగా పెంచండి. కుంగుడు నిమిషానికి 0.025 మి.మీ. కన్నా తగ్గాకే తర్వాతి అంచె.

1.25 మి.మీ. కుంగుడు దగ్గర ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.6 కిలోలు ఉందనుకోండి. 0.6ను 0.125తో భాగిస్తే 4.8, మీటరుకు సుమారు 47 మెగాపాస్కల్స్. ఐఆర్‌సీ:58 పట్టికలో సీబీఆర్ 7కు 48 ఉంది, కాబట్టి దగ్గరగానే వచ్చింది. సరిపోల్చుకోవడానికి ఈ పట్టిక మంచి తోడు. సీబీఆర్ 3కు 28, 5కు 42, 10కి 55. 300 మి.మీ. చిన్న ప్లేటుతో చేస్తే వచ్చిన కె విలువను సగం చేయాలి. పరీక్ష ఎండిన నేల మీద చేస్తే, అదే మట్టికి ల్యాబ్‌లో నానకముందు, నానిన తర్వాత తేడా చూసి ఆ నిష్పత్తిలో తగ్గించాలి. ఈ తగ్గింపు వదిలేసిన రిపోర్టులు చాలా చూశాను.

నేరుగా బిగువు కొలవాలంటే

పెద్ద పనులకు, కాలేజీ ల్యాబ్ అందుబాటులో ఉన్నచోట సైక్లిక్ ట్రయాక్సియల్ చేయించండి. అమెరికా హైవే అధికారుల సంఘం ఆష్టో టీ 307 పద్ధతిలో మట్టి స్తంభం చుట్టూ గాలి ఒత్తిడి పెట్టి, పైనుంచి 0.1 సెకను బరువు, 0.9 సెకను విరామం చొప్పున వందల సార్లు వేస్తారు. లారీ చక్రం వెళ్లడాన్ని అనుకరించడమే ఇది. బరువు వల్ల పడ్డ ఒత్తిడిని, మళ్లీ లేచిన కుంగుడు మట్టి స్తంభం ఎత్తులో ఎన్నో వంతో దానితో భాగిస్తే మాడ్యులస్. ఒకే మట్టికి ఒత్తిడి మారితే ఈ అంకె మారుతుంది. అందుకే 15 రకాల ఒత్తిళ్ల దగ్గర కొలుస్తారు. శాంపిల్ పంపేటప్పుడు సాంద్రత, తేమ మీరే రాసి ఇవ్వండి. రాయకపోతే వాళ్లు ఓఎంసీ దగ్గర, నానబెట్టకుండా చేసి పంపే అవకాశం ఉంది.

రిపోర్టులో ఏం ఉండాలి

సీబీఆర్ ఒక్కటే రాసిన రిపోర్టు మీద సంతకం పెట్టకండి. శాంపిల్ తీసిన చైనేజీ (రోడ్డు మొదలు నుంచి దూరం), లోతు, తేదీ. ఓఎంసీ, ఎండీడీ. మౌల్డ్ కట్టిన పొడి సాంద్రత, అది ఎండీడీలో ఎంత శాతం. కట్టినప్పటి తేమ, నానిన తర్వాతి తేమ. నానిన గంటలు. ఉబ్బు శాతం. మూడు మౌల్డ్‌ల విలువలూ విడివిడిగా, గ్రాఫ్‌లతో సహా. రింగ్ నంబరు, క్యాలిబ్రేషన్ తేదీ.

పరీక్షలయ్యాక మిగిలిన మట్టిని పారేయకండి. చీటీ చెరగకుండా పాలిథిన్‌లో చుట్టి సంచి మూతి కట్టి, ల్యాబ్ మూలలో చెక్క మీద, నేల చెమ్మ తగలకుండా, రోడ్డు పూర్తయ్యేదాకా ఉంచండి.